తొలకరి మార్కులు

2021 అక్టోబరు 23. లాస్ వేగస్‌లో స్కేట్ అమెరికా పురుషుల పోటీ ముగిసింది. నేథన్ చెన్ మూడో స్థానంలో నిలబడ్డాడు. మూడేళ్లకు పైగా పెద్ద పోటీ ఏదీ ఓడిపోని మనిషి, వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషి సొంత గడ్డ మీద కంచుతో సరిపెట్టుకున్నాడు. బంగారం అతని దేశస్థుడే అయిన విన్సెంట్ జౌకి దక్కింది, 295.56 మార్కులతో. రెండోవాడు జపాన్ కుర్రాడు షోమా ఉనో. చెన్ మొత్తం 269.37 దగ్గరే ఆగింది. ఇక మర్నాటికల్లా అతని పని అయిపోయిందా అన్న చర్చ. తొలకరి వాన ఒకటి తప్పగానే కరువు గురించి మాట్లాడుకునే రచ్చబండ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.

సరిగ్గా నూట పది రోజులకు బీజింగ్‌లో చెన్ 332.60 మార్కులతో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. పోటీ మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో 113.97 తెచ్చుకుని ప్రపంచ రికార్డు కూడా రాశాడు. వేగస్‌లో అతన్ని పాతిక మార్కుల తేడాతో ఓడించిన జౌ, బీజింగ్‌లో వ్యక్తిగత పోటీకి మంచు మీద అడుగే పెట్టలేదు. కోవిడ్ పరీక్షలో పాజిటివ్ వచ్చి గదిలోనే ఉండిపోయాడు.

అలాంటప్పుడు అమెరికా స్కేటర్ల శరత్కాలాన్ని వెంబడించడం దేనికి? ఫిబ్రవరిలోనో మార్చిలోనో తేలే లెక్కకు సెప్టెంబరు నుంచే కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చోవడం వెర్రితనం కాదా? చాలా ఏళ్లుగా ఆ వెర్రిలో ఉన్నవాణ్ని కాబట్టి, ఇప్పటిదాకా చూసిన సీజన్లను ఒకచోట పేర్చి ఈ ప్రశ్నను తిరగేసి చూడాలనిపించింది.

ముందుగా కాలపట్టిక. ఫిగర్ స్కేటింగ్‌లో కొత్త సంవత్సరం జులై 1న మొదలవుతుంది. వేసవిలో చిన్నచిన్న క్లబ్బు పోటీలు జరుగుతాయి. కొత్త పాట, కొత్త అడుగు, కొత్త బూట్లు మొదటిసారి బయటపడేది అక్కడే. ఆగస్టులో అమెరికా సమాఖ్య తన అగ్రశ్రేణి స్కేటర్లను ఒక శిబిరానికి పిలిపించి, న్యాయనిర్ణేతల ముందు ప్రోగ్రాములు చేయించి తప్పులు చెప్పిస్తుంది. సెప్టెంబరులో చాలెంజర్ పోటీలు. జర్మనీలో ఒబెర్‌స్ట్‌డార్ఫ్, ఇటలీలో బెర్గామో, అమెరికాలో ఒకప్పుడు సాల్ట్ లేక్ సిటీ, ఆ తర్వాత లేక్ ప్లాసిడ్. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆరు గ్రాండ్ ప్రీ పోటీలు. ఒక స్కేటర్ గరిష్ఠంగా రెండింట్లోనే దిగాలి. మొదటి స్థానానికి 15 పాయింట్లు, రెండో స్థానానికి 13, మూడో స్థానానికి 11, అలా దిగుతూ పోతుంది. ఎక్కువ పాయింట్లు కూడిన ఆరుగురు డిసెంబరు ఫైనల్‌కి వెళ్తారు. జనవరిలో జాతీయ పోటీలు. అక్కడితో తొలకరి అయిపోయినట్టే.

మన వైపు నుంచి చూసేవాడికి ఇదంతా నిద్ర చెడగొట్టుకునే కాలం. అమెరికాలో శనివారం మధ్యాహ్నం జరిగే ఫ్రీ స్కేట్, అంటే పోటీ రెండో భాగం, మనకు ఆదివారం తెల్లవారుజామున వస్తుంది. ఇంట్లోవాళ్లు లేచేసరికి పతకాలు పంచేసి ఉంటారు. ఏం చూస్తున్నావని అడిగితే చెప్పడం కూడా కష్టమే. మంచు అంటే ఫ్రీజర్‌లో గడ్డకట్టేది తప్ప తెలియని ఊళ్లు మనవి. అయితే మనకు అసలు చుట్టరికమే లేదనీ కాదు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో కంచు పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. చక్రాల మీద అతను వేసే యాక్సెల్, లట్జ్, సాల్కో గెంతుల పేర్లే మంచు మీదా పేర్లు. ఇంకో చుట్టరికం అమెరికాలో ఉంది. 2023, 2024 స్కేట్ అమెరికా పోటీలు టెక్సస్‌లోని ఆలెన్ పట్టణంలో జరిగాయి. ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది పిల్లల సంగీతం క్లాసుకు వెళ్లినంత దూరం. అమెరికా స్కేటర్ ఇలియా మలినిన్ సాధన చేసే రెస్టన్ కూడా తెలుగువాళ్లు విరివిగా ఉండే ఉత్తర వర్జీనియాలోదే.

ఇక అసలు సంగతికి వద్దాం. తొలకరి పోటీలో పతకం ఎవరికి వచ్చిందన్నది అన్నిటికంటే తక్కువ పనికొచ్చే సమాచారం. పనికొచ్చేది పోటీ అయ్యాక విడుదల చేసే మార్కుల పట్టిక. చూడ్డానికి కిరాణా కొట్టు చీటీలా ఉంటుంది. ఒక్కో వరసలో ఒక్కో గెంతు, దాని మూల విలువ, న్యాయనిర్ణేతలు కలిపిన లేదా కోసిన మార్కులు, పక్కన చిన్నచిన్న గుర్తులు. నాలుగు చుట్ల లట్జ్ మూల విలువ 11.5. శుభ్రంగా దిగితే దాని మీద మరో మూడు, నాలుగు మార్కులు పడతాయి. 2018 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం ఒక్కో మెట్టుకు మూల విలువలో పదో వంతు కలుస్తుంది లేదా పోతుంది, అయిదు మెట్ల దాకా. చుట్లన్నీ పూర్తిచేసి పడిపోతే సగం విలువ పోయి 5.75 మిగులుతుంది. పడినందుకు ఇంకో మార్కు కోత. చేతికొచ్చేది 4.75. అదే స్కేటర్ జాగ్రత్తపడి మూడు చుట్ల లట్జ్ వేసి చక్కగా దిగితే ఏడు మార్కులు దాటతాయి.

అంటే పడిపోవడం నష్టమే, కానీ మనం అనుకునేంత నష్టం కాదు. అసలు నష్టం గాలిలో ధైర్యం చాలక చేతులు విప్పేసినప్పుడు వస్తుంది. స్కేటర్ల భాషలో దాన్ని పాప్ అవడం అంటారు. నాలుగు చుట్లకని లేచి రెండు చుట్లతో దిగినవాడికి ఫ్రీ స్కేట్‌లో రెండు మార్కులు వస్తాయి, షార్ట్ ప్రోగ్రామ్‌లో అయితే ఆ గెంతుకు సున్న. ఈ తేడా తెలిసినవాడు అక్టోబరు పట్టికను వేరేగా చదువుతాడు. మూడుసార్లు పడినా మూడుసార్లూ చుట్లు పూర్తిచేసినవాడి పట్టిక నాకు ఆశ కలిగిస్తుంది. ఒక్కసారి కూడా పడకుండా మూడుసార్లు చేతులు విప్పేసినవాడి పట్టిక చూస్తే దిగులేస్తుంది. మొదటివాడికి కాళ్లు సిద్ధం కాలేదంతే. రెండోవాడి సంగతి అతనికే తెలియాలి.

గుర్తుల సంగతీ ఉంది. గెంతు పక్కన చిన్న బాణం ముక్క పడితే పావు చుట్టు కంటే ఎక్కువ తగ్గిందని అర్థం, రెండు పడితే సగం చుట్టో అంతకన్నా ఎక్కువో తగ్గిందని. రెండో గుర్తు పడితే నాలుగు చుట్ల గెంతును మూడు చుట్ల దానిగానే లెక్కగడతారు. సెప్టెంబరులో సాంకేతిక బృందం ఏ స్కేటర్ ఏ గెంతు మీద ఈ గుర్తులు వేస్తోందో రాసిపెట్టుకుంటే, అదే గుర్తు ఫిబ్రవరిలో కనబడ్డప్పుడు ఆశ్చర్యం ఉండదు. పడిపోయిన గెంతు కళ్లకు కనిపిస్తుంది. పావు చుట్టు తగ్గిన గెంతు పట్టికలో తప్ప కనిపించదు. జౌ గురించి రాసేవాళ్లంతా ఏళ్ల తరబడి ఈ బాణం ముక్కల గురించే రాశారు. 2021 అక్టోబరులో అతని గెలుపును చెన్ తడబాటు కథగానే చూడటం అతనికి అన్యాయం. ఆ ఏడాది మార్చిలో స్టాక్‌హోమ్ ప్రపంచ పోటీల్లో జౌ 25వ స్థానంలో పడి ఫ్రీ స్కేట్‌కే అర్హత పోగొట్టుకున్నాడు. దాంతో అమెరికాకు మూడో ఒలింపిక్ బెర్తు ఖాయం కాలేదు. సెప్టెంబరులో ఒబెర్‌స్ట్‌డార్ఫ్‌లో నెబెల్‌హార్న్ ట్రోఫీ గెలిచి ఆ బెర్తును అతనే వెనక్కి తెచ్చాడు. వేగస్ విజయం దాని కొనసాగింపు. పోగొట్టినచోటే వెతుక్కున్న మనిషి కథ అది.

రింకుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తొలకరి మార్కుల్లో కొన్ని నేలవి, మనిషివి కావు. అమెరికాలో చాలా మంచు మైదానాలు హాకీ కోసం కట్టినవి. 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు. అంతర్జాతీయ కొలత వెడల్పు 30 మీటర్లు. నాలుగు మీటర్లే కదా అనిపిస్తుంది. లట్జ్ కోసం మూలకు పొడుగ్గా వంపు తిరుగుతూ వచ్చేవాడికి ఆ నాలుగు మీటర్లు గోడకీ భుజానికీ మధ్య ఉన్న దూరం. సాల్ట్ లేక్ సిటీ సముద్రమట్టానికి దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉంది, కొలరాడో స్ప్రింగ్స్ 1,800 మీటర్ల ఎత్తున. పల్చటి గాలిలో నాలుగు నిమిషాల ఫ్రీ స్కేట్ చేసేవాడు ఆఖరి నిమిషంలో కాళ్లు ఈడుస్తాడు. అక్కడి సెప్టెంబరు మార్కులు చూసి ఓర్పు లేదని తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు తొలకరి గొప్పతనం. అమెరికా పురుషుల స్కేటింగ్ చరిత్రలో హద్దులు చెరిపిన ఘట్టాలు చాలా వరకు ఒలింపిక్స్‌లో జరగలేదు, సగం ఖాళీ కుర్చీల ముందు జరిగాయి. ఒకే ప్రోగ్రామ్‌లో మూడు క్వాడ్లు, అంటే నాలుగు చుట్ల గెంతులు, దిగిన మొదటివాడు తిమోతీ గేబుల్. అది 1999 స్కేట్ అమెరికాలో, కొలరాడో స్ప్రింగ్స్‌లో. నాలుగు చుట్ల లట్జ్‌ను పోటీలో మొదట దిగినవాడు బ్రాండన్ మ్రోజ్. 2011 సెప్టెంబరులో అదే ఊళ్లో జరిగిన చిన్న పోటీ అది. ఒలింపిక్ పతకం దరిదాపులకు కూడా వెళ్లని మ్రోజ్ పేరు ఆ ఒక్క సాయంత్రం వల్ల చరిత్రలో మిగిలింది.

2022 సెప్టెంబరు 14న లేక్ ప్లాసిడ్‌లో జరిగినది వీటన్నిటికీ పెద్దన్న. యాక్సెల్ ఒక్కటే ముందుకు చూస్తూ లేచే గెంతు, కాబట్టి నాలుగు చుట్ల యాక్సెల్ అంటే నిజానికి నాలుగున్నర. జపాన్ మహా స్కేటర్ యుజురు హన్యు జీవితంలో చివరి సవాలుగా పెట్టుకుని, ఆ ఏడాది ఫిబ్రవరిలో బీజింగ్‌లో ప్రయత్నించి పడిపోయాడు. ఏడు నెలలకు 17 ఏళ్ల ఇలియా మలినిన్ చాలెంజర్ పోటీలో ఫ్రీ స్కేట్ మొదలుపెడుతూనే దాన్ని దిగేశాడు. తల్లి తాతియానా మలినినా, తండ్రి రోమన్ స్కోర్నియకోవ్ ఇద్దరూ ఉజ్బెకిస్తాన్ తరఫున ఒలింపిక్స్‌లో స్కేట్ చేసినవాళ్లు, అతని శిక్షకులూ వాళ్లే. ఆ వీడియో చూస్తే ప్రేక్షకుల కేకలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చేమో అనిపిస్తుంది. మానవమాత్రుడికి సాధ్యమా కాదా అని ముప్పై ఏళ్లుగా వాదించుకున్న ప్రశ్నకు జవాబు అలాంటి చోట వచ్చింది.

ఆర్థికంగా చూస్తే ఆ గెంతు గిట్టుబాటు బేరం కూడా కాదు. 2018లో దాని మూల విలువను 15 నుంచి 12.5కు దించారు. లట్జ్ కంటే ఒక్క మార్కు ఎక్కువ, ప్రమాదం ఎన్నో రెట్లు. అయినా సెప్టెంబరులో వేశాడంటే మార్కుల కోసం కాదు. పోటీ దుస్తుల్లో, న్యాయనిర్ణేతల కళ్ల ముందు, వెనక్కి తిరిగి మళ్లీ చేసే వీలు లేనప్పుడు ఒళ్లు ఏం చేస్తుందో తెలుసుకోవాలి. ఆ సంగతి సాధనలో తెలియదు. నారుమడిలో ఎంత పచ్చగా ఉన్నా నాటు వేశాకే మొక్క వేరు పట్టిందో లేదో తేలేది.

ఆ తర్వాతి మలినిన్ శరత్కాలాలు వరసగా చూస్తే మనిషి పెరుగుదల కనిపిస్తుంది. 2022 అక్టోబరులో తొలి స్కేట్ అమెరికా. షార్ట్‌లో నాలుగో స్థానం, ఫ్రీలో లేచి గెలుపు. డిసెంబరు ఫైనల్లో మూడో స్థానం. 2023లో ఫ్రాన్స్‌లో ఆదం సియావో హిమ్ ఫా చేతిలో ఓటమి, నెల తిరిగేసరికి ఫైనల్లో స్వర్ణం, మార్చిలో మాంట్రియాల్‌లో 333.76తో ప్రపంచ టైటిల్. 2024 శరత్తులో ఆలెన్‌లో క్వాడ్ యాక్సెల్ లేకుండానే గెలిచాడు. ఇదీ గమనించదగ్గదే. ప్రతి పోటీలో పెద్ద తుపాకీ పేల్చనక్కర్లేదని అప్పటికి నేర్చుకున్నాడు. 2024 డిసెంబరులో గ్రెనోబుల్‌లో ఏడు క్వాడ్లు, ఆరు రకాల గెంతులనూ ఒకే ప్రోగ్రామ్‌లో ప్రయత్నించాడు, అన్నీ కుదరలేదు. ఏడాది తిరిగేసరికి 2025 డిసెంబరులో నగోయాలో షార్ట్‌లో మూడో స్థానంలో ఉండి, ఫ్రీలో ఏడు క్వాడ్లూ దిగి 238.24 సాధించాడు. గ్రెనోబుల్ తప్పుల పట్టికను పక్కన పెట్టుకుని నగోయా పట్టిక చదివితే, నా మటుకు నాకు స్వర్ణ పతకాలకంటే ఎక్కువ తృప్తి.

జేసన్ బ్రౌన్ శరత్కాలం వేరు. ఇల్లినాయిలోని హైలాండ్ పార్క్ నుంచి వచ్చిన ఈ స్కేటర్ క్వాడ్ల మీద బతకలేదు. కూచిపూడి చూసేవాళ్లకు ఇట్టే అర్థమయ్యే మాట చెప్పాలంటే, మిగతావాళ్లు జతుల్లో పోటీపడుతున్న కాలంలో అతను అభినయాన్ని నమ్ముకున్నాడు. అంచు లోతు, చేతివేళ్ల చివరిదాకా పాట, గెంతులోకి ఎక్కడ దూరాడో ఎక్కడ బయటికి వచ్చాడో తెలియనివ్వని అతుకు. అలాంటివాడి సెప్టెంబరు ప్రోగ్రామ్ సగం రంగు వేసిన బొమ్మలా ఉంటుంది. గెంతు ఒక్క రోజులో కుదరొచ్చు, అభినయం నెలల తరబడి ఊరాలి. కళాత్మక మార్కులు ఇచ్చే విభాగాలను 2022లో అయిదు నుంచి మూడుకు కుదించారు, కానీ బ్రౌన్ మార్కుల్లో ఆ శరత్తు నుంచి శీతాకాలానికి ఎక్కే మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. బీజింగ్‌లో క్వాడ్ లేకుండా ఆరో స్థానం తెచ్చుకున్నాడంటే, ఆ ఊరే కాలాన్ని ఓపిగ్గా వాడుకున్నందుకే.

బ్రౌన్ బీజింగ్ ఎలా వెళ్లాడన్నది మాత్రం తొలకరి లెక్కల్లో అన్నిటికంటే ముళ్లున్న ప్రశ్న. అమెరికా తన ఒలింపిక్ జట్టును జాతీయ పోటీల ఫలితంతోనే ఎంచదు. గతేడాది నుంచీ చేసిన మొత్తం పనిని లెక్కలోకి తీసుకుంటుంది. 2018లో సాన్ హోసే జాతీయ పోటీల్లో రెండో స్థానంలో నిలిచిన రాస్ మైనర్‌ను ఇంటి దగ్గరే ఉంచి, నాలుగో స్థానం వచ్చిన ఆడమ్ రిపన్‌ను పంపారు. రిపన్‌ను కాపాడింది అతని శరత్కాలమే. జపాన్‌లో రజతం. స్కేట్ అమెరికాలో మరో రజతం. అదీ ఎలా? మొదటి గెంతులోనే పడి భుజం ఎముక పక్కకు జరిగితే, దాన్ని సర్దుకుని మిగతా ప్రోగ్రామ్ పూర్తిచేసి. 2022లో నాష్‌విల్‌లో మలినిన్ రెండో స్థానంలో 302.48 చేస్తే, నాలుగో స్థానంలోని బ్రౌన్‌కు టికెట్ దక్కింది.

మైనర్ విషయంలో సమాఖ్య చేసింది సబబే అనిపిస్తుంది నాకు, ఒక్క మంచి రాత్రి ఏడాది పనికి సమానం కాదు. మలినిన్ విషయంలో అంత ధైర్యంగా చెప్పలేను. అతనికి ఆ శరత్తులో సీనియర్ గ్రాండ్ ప్రీలు లేవు. జూనియర్ గ్రాండ్ ప్రీలో రెండు పోటీలు గెలిచాడు, జూనియర్ ఫైనల్ కోవిడ్ వల్ల రద్దయింది. సీనియర్ల తొలకరి పండించే అవకాశమే రానివాణ్ని, పంట చూపించమని అడిగినట్టయింది. నియమం న్యాయమైనదే, కొలిచిన పాత్ర మాత్రం వయసుకు తగ్గది కాదు. ఆ కోపమే సెప్టెంబరులో నాలుగున్నర చుట్లుగా తిరిగిందేమోనని ఊహించుకోవడం నా సరదా, అంతే.

ఇక జోస్యం మాటకొస్తే, శరత్తు ఎవరికి ఏం చెప్పింది? ఎవాన్ లైసాచెక్ 2009 శరత్తు నిజం చెప్పింది. చైనాలో రెండో స్థానం, లేక్ ప్లాసిడ్‌లో గెలుపు, టోక్యో ఫైనల్లో గెలుపు. నిలకడగా, క్వాడ్ లేకుండా. ఫిబ్రవరిలో వాంకూవర్‌లో అచ్చం అలాగే చేసి, రష్యా స్కేటర్ ప్లుషెంకోను 1.31 తేడాతో ఓడించాడు. జెరెమీ ఆబట్ 2008 శరత్తు అబద్ధం చెప్పింది. చైనాలో గెలిచాడు, గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచిన మొదటి అమెరికా పురుషుడయ్యాడు, మార్చిలో లాస్ ఏంజెలెస్ ప్రపంచ పోటీల్లో 11వ స్థానంలో తేలాడు. అక్కడ గెలిచింది లైసాచెక్.

చెన్ 2017 శరత్తు ఇంకా పెద్ద అబద్ధం. మాస్కోలో హన్యును ఓడించాడు. లేక్ ప్లాసిడ్‌లో గెలిచాడు. నగోయా ఫైనల్లో ఉనోను సగం మార్కు తేడాతో దాటాడు. ఓటమి ఎరుగని సీజన్. ప్యాంగ్‌చాంగ్ షార్ట్ ప్రోగ్రామ్‌లో 82.27తో 17వ స్థానానికి జారిపోయాడు. మర్నాడు ఫ్రీలో ఆరు క్వాడ్లతో 215.08 చేసి అందరికంటే పైన నిలిచినా, మొత్తం మీద అయిదో స్థానమే. నెల దాటాక మిలాన్ శివార్లలోని అస్సాగో స్టేడియంలో 47 మార్కుల పైచిలుకు తేడాతో ప్రపంచ టైటిల్. ఏ నెలలోది నిజమైన చెన్ అని అడిగితే ఏం చెప్తాం?

2026 ఫిబ్రవరిలో ఒలింపిక్స్ అదే అస్సాగో స్టేడియానికి వచ్చాయి. మలినిన్ శరత్తులో ఫ్రాన్స్ గెలిచాడు, సాస్కటూన్‌లో 333.81 చేశాడు, నగోయా సంగతి పైనే చెప్పాను. పందెం కట్టేవాడికి పని లేనంత ఏకపక్షం. జట్టు పోటీలో అమెరికాకు స్వర్ణం తెచ్చినవాళ్లలో ఒకడయ్యాడు, వ్యక్తిగత షార్ట్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. ఫ్రీలో నాలుగు చుట్ల యాక్సెల్ గాలిలోనే విడిపోయి ఒక్క చుట్టుగా దిగింది. ఆ తర్వాత రెండు పతనాలు. ఎనిమిదో స్థానం. బంగారం కజకిస్తాన్ కుర్రాడు మిఖాయిల్ షైదోరోవ్‌ది.

ఆ రోజు నేను చేసిన పని, శరత్కాలపు నోటుబుక్కు తీసి ఏం కనిపెట్టలేకపోయానో వెతకడం. ఏమీ లేదు. గుర్తులు లేవు, జారిన గెంతులు లెక్కకు రావు. ఉన్నదల్లా ఒక్కటే. మలినిన్ శరత్తులో వెనకబడ్డప్పుడు, 2022లో నాలుగో స్థానం నుంచి గానీ 2025లో మూడో స్థానం నుంచి గానీ, ఫ్రీలో లేచి వచ్చాడు. ముందుండి, ప్రపంచమంతా చూస్తుండగా, ఇక గెలవడమే తరువాయి అన్న స్థితిలో ఒలింపిక్ ఫ్రీ స్కేట్ మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఏ అక్టోబరూ నేర్పలేదు, నేర్పడం దాని వల్ల కాదు కూడా. చెన్‌కి ఆ పాఠం ప్యాంగ్‌చాంగ్‌లో అందింది, నాలుగేళ్ల తర్వాత వాడుకున్నాడు. శరత్తు గెంతును పరీక్షిస్తుంది. ఫిబ్రవరి ఇంకేదో పరీక్షిస్తుంది, దానికి పట్టికలో వరస లేదు.

మార్కులతో కొలవకూడని శరత్తూ ఒకటి ఉంది. 2025 జనవరిలో విచిటా జాతీయ పోటీల తర్వాత, అక్కడి శిబిరం నుంచి తిరిగివస్తున్న స్కేటర్లు, శిక్షకులు, తల్లిదండ్రులు ప్రయాణిస్తున్న విమానం వాషింగ్టన్ దగ్గర సైనిక హెలికాప్టర్‌ను ఢీకొని కూలింది. 67 మంది పోయారు. స్కేటింగ్ కుటుంబానికి చెందినవాళ్లే 28 మంది. అమెరికా స్కేటర్ మాక్సిమ్ నౌమోవ్ తల్లి, తండ్రి, శిక్షకులు కూడా అయిన ఆ ఇద్దరూ అందులో ఉన్నారు. ఆ ఏడాది శరత్తులో అతను మళ్లీ పోటీల్లోకి వచ్చాడు. స్థానం ఎంత, మొత్తం ఎంత అన్నది నేను రాసుకోలేదు. 2026 జనవరిలో సెయింట్ లూయిస్‌లో మూడో స్థానం తెచ్చుకుని ఒలింపిక్ జట్టులోకి వెళ్లాడు.

తిరిగి 2021కి వెళ్తాను, ఒక చిన్న సంగతి మిగిలిపోయింది. ఆ శరత్తులో చెన్ ఫ్రీ స్కేట్‌కు మొజార్ట్ సంగీతం తీసుకున్నాడు. వేగస్‌లో అది అతని చేతిలో ఒదగలేదు, గెంతులు కొన్ని గాలిలోనే విడిపోయాయి. వారం తిరక్కుండా వాంకూవర్‌లో స్కేట్ కెనడా. మళ్లీ అదే మొజార్ట్, ఈసారి మూడు వందలు దాటించి గెలిచాడు. జనవరి వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి, రెండేళ్ల కిందటి ఎల్టన్ జాన్ పాటల ప్రోగ్రామ్‌ను బయటికి తీశాడు. బీజింగ్‌లో స్వర్ణం తెచ్చింది అదే, జనం గుర్తుపెట్టుకున్నదీ అదే. మొజార్ట్ ప్రోగ్రామ్ ఎనిమిది రోజుల్లో రెండు పోటీలు బతికి పోయింది. పడుతూ లేస్తూ ఉన్న ఆ వేగస్ ప్రదర్శనను ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుని చూస్తుంటాను. రెండో క్వాడ్ తర్వాత వచ్చే అడుగుల వరస దగ్గర ఒక్క క్షణం, అతను మార్కులన్నీ మరిచిపోయినట్టు అనిపిస్తుంది నాకు.